నాభిదుంపల సంచి

కవుతరం దాటి బండి వేగం అందుకుంటూ ఉండగా లక్ష్మీదుర్గ ఒళ్లో ఉన్న పసుపుపచ్చ గుడ్డసంచి తాడు విప్పడం మొదలుపెట్టింది. విప్పాల్సిన అవసరమేమీ లేదు. కాని గుడివాడలో ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఎవరో లావుపాటాయన ఒరుసుకుంటూ పోయాడు, సంచి నలిగింది, నాభిదుంపకి కొనలోనే కన్ను ఉంటుంది, ఆ కొన కాస్త విరిగిందంటే దుంప ఉన్నా లేనట్టే, తొలకరికి మొలక రాదు. ఒకసారి చూసుకుంటే పోతుంది అనుకుంది. ముడి ఎంతకీ రాలేదు. గోళ్ళతో పీకింది, పంటితో లాగింది, చివరికి తాడుని వదులు చేసి ముడి ఉండగానే సంచి మూతి మీంచి తప్పించి వేలికి చుట్టుకుని లోపల చెయ్యి పెట్టింది. బొద్దుగా, మట్టి అంటుకుని, ఎర్రతోలు దుంపలు. తను పూసిన బూడిద లేదు. కవల కొమ్ముల్లా రెండుగా చీలిన దుంప ఒక్కటీ లేదు. అడుగుదాకా కెలికింది. అన్నీ చిలకడదుంపలే. ఎదురుసీటు ముసలాయన మెడ సాచి చూసి, "చిలకడదుంపలా తల్లీ? ఇయ్యాళ ఉపవాసానికి మంచి పని చేశావు, నాకూ ఒకటి పెడితే పుణ్యం" అన్నాడు.  

సంచులు రెండు. రెండూ దసరాకి బట్టల కొట్టువాళ్ళు ఇచ్చినవే, ఒకే రంగు, ఒకే ఎర్రక్షరాలు. ఒకదాంట్లో తన నాభిదుంపలు. రెండోదాంట్లో శివరాత్రి ఉపవాసానికని అత్తమ్మ పెద్దింట్లమ్మ నిన్న మార్కెట్టు నుంచి మోసుకొచ్చిన చిలకడదుంపలు. రెండూ వంటింటి చిలక్కొయ్యకే వేలాడాయి. పొద్దున బండి పోతుందేమోనన్న హడావిడిలో తను ఒకటి తీయబోయి ఇంకొకటి తీసుకుంది, ఇంకేముంది. అంటే ఇప్పుడు ఇంట్లో మిగిలినవి నాభి. తింటే మనిషి బతకడు. ఆ ఇంట్లో ఏడేళ్ళ మాధవీలత ఉంది, నాయనమ్మతో పాటు నేనూ ఉపవాసం ఉంటానని పట్టుబట్టి పొద్దున పాలు కూడా ముట్టని తన కూతురు. "ఇది పొద్దుగూకిందాకా ఆగుద్దా ఏంటి? ఆకలేసిందంటే రెండు దుంపలు ఉడకేసి పెడతాలే, నువ్వెళ్ళు" అంది అత్తమ్మ గుమ్మంలో నిలబడి. నువ్వెళ్ళు అంది. తను నిజంగానే వచ్చేసింది, వెనక్కి కూడా చూడకుండా, చెప్పులు వేసుకుని, రిక్షా ఎక్కి, చేతిలో చిలకడదుంపలు పట్టుకుని.

నాభి తిన్న ప్రాణి ఎట్లా పోతుందో ఆమె చిన్నప్పుడే చూసింది. పుట్టింట్లో, సముద్రం ఒడ్డున పాలకాయతిప్పలో, నాన్న పోతయ్యకి చేపలవేట లేని రోజుల్లో ఆసరాగా ఉంటాయని మేకలుండేవి. అందులో నల్లది, చూడిది, ఇసుకలోంచి బయటపడ్డ దుంపని కొరికింది. అమ్మ పరుగెత్తుకెళ్ళి నోట్లోంచి లాక్కుంది గాని అప్పటికే కొంత మింగేసింది. అసలు భయం ఏంటంటే, వెంటనే ఏమీ కాలేదు. మామూలుగానే మేసింది, మామూలుగానే అరిచింది, తను దాని మెడ చుట్టూ చేతులు వేసి ఏం కాలేదే నీకు అని ముద్దులాడింది. చీకటి పడ్డాక మొదలైంది. ఆ అరుపు ఇప్పుడు రైలు చప్పుడులోంచి వినిపిస్తోంది, పట్టాల మీద చక్రం కొట్టుకున్న ప్రతిసారీ. మాధవి కూడా అంతే. తింటుంది, లంగాకి చేతులు తుడుచుకుంటుంది, వీధిలోకి పోయి తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంది, నవ్వుతుంది. నవ్వుతున్న పిల్లని చూసి ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారు? ఎవరికి తెలుసు? ఆ ఇంట్లో అవి విషమని తెలిసినది తనొక్కతే. ఆ తనేమో ఇక్కడ కిటికీ పక్కన కూర్చుని ఉంది.

గొలుసు లాగితే? చెయ్యి పైకి లేచింది కూడా. లాగితే ఏమవుతుంది, బండి ఈ మినపచేల మధ్య ఆగుతుంది, గార్డు వస్తాడు, ఏంటమ్మా అంటాడు, దుంపలు మారిపోయాయండీ అని చెప్పాలి, జనం నవ్వుతారు, ఆ కాస్త సేపూ పోతుంది. చుట్టూ ఎక్కడా ఫోను తీగ కూడా కనిపించడం లేదు. ముందుకు వెళ్ళడమే. పెడనలో ఎస్టీడీ బూత్ ఉంటుంది. పెడన దాకా ఈ బండిలోనే కూర్చోవాలి, కూర్చుని కూతురి నుంచి దూరంగా, ఇంకా దూరంగా పోవాలి. దూరం పోతేగాని ఫోను దొరకదు. ముసలాయన ఇంకా దుంప వైపే చూస్తున్నాడు. ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. "చల్లగా ఉండు తల్లీ, నీ బిడ్డలు చల్లగా ఉండాలి" అన్నాడాయన. ఆ మాటకి ఆమె మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

చెప్పి ఉండాల్సింది. నాలుగేళ్ళ కిందట మొదటిసారి ఆ దుంపలు తెచ్చినప్పుడే, "ఏం దుంపలే అవి?" అని అత్తమ్మ అడిగినప్పుడే, ఇవి విషం అత్తమ్మా, పిల్లకి అందనీయొద్దు అని ఒక్క మాట చెప్పి ఉంటే. "పూలదుంపలు, లిల్లీ లాంటివి" అంది తను. విషమంటే పారేస్తుందని భయం. అత్తమ్మ "అట్టాగా" అని ఊరుకుంది. మాధవికేమో వాటి దగ్గరికి పోవద్దు, పాము కాపలా ఉంటుందని చెప్పింది. పిల్ల నమ్మింది, దొడ్లో అవి పాకిన కంచె వైపు బంతి పోతే తెచ్చుకునేది కాదు. కాని గిన్నెలో ఉడికిన దుంపకి పాము ఎందుకు కాపలా ఉంటుంది? నాయనమ్మ పెడితే తినదా? అత్తమ్మకి చత్వారం, దారం ఎక్కించమని మాధవినే పిలుస్తుంది. బూడిద పూసిన దుంపని చూసి, ఇదేదో తెల్లరకం అనుకుంటుంది, నీళ్ళలో రుద్ది కడుగుతుంది, ఉప్పు వేస్తుంది, మూత పెడుతుంది. ఆ మూత కింద నీళ్ళు తెర్లుతున్న చప్పుడు లక్ష్మీదుర్గకి చెవిలో వినబడింది. కళ్ళు మూసుకుంటే గిన్నె కనబడుతోంది, తెరిస్తే చేలు పరుగెడుతున్నాయి.

ఎందుకు తెచ్చుకుంది అసలు? ఎవరు అడిగారు? పాలకాయతిప్పలో ఇసుకదిబ్బల వెనక ఒక బీడు ఉండేది. ఎవరూ విత్తింది లేదు, నీళ్ళు పోసింది లేదు, వానాకాలమంతా పూలే. దిబ్బ మీద బాలబంద తీగ ఊదారంగు పూలు, కింద గడ్డిలో విష్ణుక్రాంతం నీలిచుక్కలు, ముళ్ళకంపల మీదుగా పైకి పాకిన నాభి. దాని ఆకు కొస చుట్టుకుని దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది. పువ్వేమో తల కిందికి వేసి రేకుల్ని పైకి ఎగదన్నుతుంది, మొదట లేతాకుపచ్చ, తర్వాత పసుపు, చివరికి నిప్పురంగు. సీతాకోకచిలుకలు మూగేవి, వాటి రెక్కలకి పుప్పొడి అంటుకుని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి పోయేది. తేనెటీగలు అక్కణ్ణించి నేరుగా అమ్మ పెట్టిన దోసపాదు మీదికి వచ్చేవి, మన పాదు కాస్తున్నది ఆ బీడు పుణ్యమేనే అనేది అమ్మ. తర్వాత రొయ్యల చెరువులొచ్చాయి. పొక్లెయిన్లు బీడుని తవ్వి గట్లు పోశాయి. మూణ్ణాళ్ళ ముచ్చట, తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలు పోయాయి, చెరువులు ఎండబెట్టి వదిలేశారు, ఉప్పు పేరిన నేల మిగిలింది. అమ్మ లేదు, దోసపాదు లేదు, పాదు వేసినవాళ్ళకి పూత వచ్చి రాలిపోవడమే. బీడు తవ్వుతున్నప్పుడు మట్టిపెళ్ళల్లో దొరికిన దుంపలు ఏరి కొంగులో మూటగట్టుకుని తెచ్చింది తను. తవ్వనివ్వకుండా ఆపలేకపోయింది, ఇవైనా బతికించుకుందామనుకుంది.

అప్పుడే తనూ పుట్టింటికి వెళ్ళి పడుకుని ఉంది. మాధవి తర్వాత కడుపున పడ్డవాడు, నెలలు నిండినవాడు, కడుపులోనే పోయాడు. పేరు పెట్టలేదు. మొహం చూపించారు, జుట్టు ఒత్తుగా ఉంది, అంతవరకే గుర్తు. గుడివాడ తిరిగి వచ్చాక దొడ్డి కంచె వెంట దుంపలు పాతింది. పాత దుంప ఏటా కుళ్ళిపోతుంది, దాని పక్కనే కొత్తది పుడుతుంది, తవ్వి చూస్తే పాతదాని తొక్క మాత్రం మిగిలి ఉంటుంది. అది చూసినప్పుడల్లా ఆమెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి, ఎందుకో తెలిసేది కాదు. మొదటేడు పూలు పూశాయి గాని ఒక్క కాయ పట్టలేదు. గుడివాడలో వాటికోసం వచ్చే సీతాకోకచిలుకలేవి? రెండో ఏడు కోడిఈకతో పుప్పొడి తీసి తనే పువ్వు పువ్వుకీ అంటించింది, భర్త నాంచారయ్య డిపో నుంచి వచ్చి చూసి, "బాగుందే, పూలకి కూడా నువ్వే పెళ్ళిళ్ళు చేస్తున్నావు" అని ఎగతాళి చేశాడు. కిందటి వర్షాల్లో ఎక్కణ్ణించో ఒక పెద్ద నల్లరెక్కల సీతాకోకచిలుక వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆ రోజు ఆమె అన్నం కూడా దొడ్లోనే తింది. అప్పుడే నాన్న కబురు పంపాడు, దిబ్బ కింద మన నేలచెక్క ఖాళీగానే పడి ఉంది, నీ పిచ్చి తీగలు వేసుకుంటే వేసుకో అని. బీడు మళ్ళీ లేస్తుందనుకుంది. శివరాత్రికి సముద్రస్నానాలకి బందరు నుంచి తిప్ప దాకా బస్సులు వేస్తారు, పోయి పాతేసి వచ్చేద్దామనుకుంది. పూలు కావాలనుకుంది, అంతే. పూల కోసం పిల్లని చంపుకుంటోంది.

ఒక దుంపని కడిగింది ఒకసారి. అది ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు? నిరుడు ఎండాకాలం, మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు. కుళాయి కింద పెట్టి, మట్టి పోయేదాకా, బూడిద పోయేదాకా, గోరుతో కూడా గీకి, నున్నగా కడిగింది. చేతిలో చల్లగా ఉంది. ఎంతసేపు నిలబడిందో. బడి నుంచి మాధవి వచ్చి అమ్మా ఆకలి అంది, దాన్ని తీసి మళ్ళీ సంచిలో పడేసింది. కన్ను బతికుందో లేదో చూడ్డానికి కడిగింది, అంతే, కన్ను చూడ్డానికే. మళ్ళీ అక్కడికే వెళ్తోంది బుద్ధి, ఆ కుళాయి దగ్గరికి, వద్దు, మాధవి సంగతి చూడు, మాధవి ఇప్పుడు ఏం చేస్తోంది, ఎండెక్కింది, ఆకలేసే ఉంటుంది, ఆకలేస్తే ఓర్చుకునే పిల్ల కాదు.

వడ్లమన్నాడులో బండి ఆగింది. దిగుదామా? ప్లాట్‌ఫారం మీద ఒక మేక, ఒక సిమెంటు బల్ల. దిగితే ఇక్కడ ఎవరిని అడగాలి, ఊరు ఎంత దూరమో, వెనక్కి పోయే బస్సు ఎప్పుడో. దిగలేదు. బండి కదిలాక, దిగి ఉంటే బాగుండేదని గుండె కొట్టుకుంది. ఈ సిగ్నలు, ఆ సిగ్నలు అని ఆగుతూ బండి నడుస్తోంది, ముసలాయన పచ్చిదుంపనే కొరుక్కు తింటున్నాడు. అత్తమ్మ నిన్నటినుంచీ ఎన్నిసార్లు చెప్పింది, పిల్లని తీసుకుపోవే అని. రాత్రి చెప్పింది, పొద్దున నీళ్ళు తోడుతూ చెప్పింది, గుమ్మంలో మళ్ళీ చెప్పింది. "పోనీ నేను కూడా వస్తానే నీతో" అని కూడా అంది. జనంలో ముసలామెని, పిల్లని వేసుకుని ఏం తిరుగుతాను, పోయి రేపటికల్లా వచ్చేస్తాగా అని తను విసుక్కుంది. విసుక్కుంటే అత్తమ్మ మొహం చిన్నబోయింది, "నీళ్ళ దగ్గరికి మాత్రం పోమాకు" అంది, ఇంకేదో అనబోయి మానేసింది. తీసుకొచ్చి ఉంటే ఇప్పుడు మాధవి ఈ కిటికీ దగ్గర కూర్చుని, అదేంటి ఇదేంటి అని ప్రాణం తీస్తూ ఉండేది. ఆ పాపిష్టి నోటితో తనే వద్దంది.

పెడనలో బండి పూర్తిగా ఆగకముందే దూకింది. సంచి మోకాళ్ళకి కొట్టుకుంటూంటే స్టేషన్ బయటికి పరుగెత్తింది. దండేల మీద అద్దకం బట్టలు ఆరేసి ఉన్నాయి, ఎరుపు మీద పసుపు, పసుపు మీద ఎరుపు, గాలికి ఎగిరి మొహానికి తగిలితే ఆ నాభిపువ్వు రంగు చూసి ఉలిక్కిపడింది. పండగపూట కొట్లన్నీ మూసి ఉన్నాయి. మొదటి బూత్‌కి తాళం. రెండోదానికి కూడా తాళం. మూడోసారి తాళం చూస్తే అక్కడే కూలబడిపోయేది, కాని మలుపులో పసుపు బోర్డు కింద ఒక తలుపు తీసి ఉంది. లోపల ఒక పెద్దావిడ బల్ల మీద బైబిలు పెట్టుకుని చదువుకుంటోంది. "రామ్మా, ఇవాళ మేమొక్కళ్ళమే తీశాం, మాకు పండగ లేదుగా" అంటూ లేచి, ఆమె మొహం చూసి ఆ మాట అక్కడే ఆపేసింది. "ఏమైందమ్మా? కూర్చో ముందు. నా పేరు అన్నమ్మ, నెంబరు చెప్పు, నేను కలుపుతా." నెంబరు. ఇంటి ఎదురు కిరాణాకొట్టు చలపతిరావుగారిది, ఎన్నిసార్లు చేసిందో, ఇప్పుడు అంకెలన్నీ కలగాపులగమయ్యాయి. ఒకటి చెప్పింది, ఎవరో తెలియని మగగొంతు రాంగ్ నెంబరంది. చివరి రెండంకెలు తిరగేసి చెప్పింది. అన్నమ్మ అద్దాల గదిలోకి తోసి రిసీవరు చేతికిచ్చింది.

"చలపతిరావుగారూ, నేనండీ, లక్ష్మీదుర్గని. మా అత్తమ్మని పిలవండి. పిల్లని ఏమీ తిననివ్వొద్దని చెప్పండి. ముందు అది చెప్పండి, పరుగెత్తండి బాబాయ్, మీకు దణ్ణం పెడతా."

"అట్టాగే, లైన్లో ఉండమ్మా, ఉండు" అని ఆయన రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత గుడివాడ వీధి వినబడింది. సైకిలు బెల్లు. ఎవరో పిల్లలు. ఏ పిల్లలు? అందులో మాధవి గొంతుందా? చెవికి రిసీవరు ఒత్తి పట్టుకుంటే చెవి నొప్పి పుట్టింది. మీటరులో ఎర్రంకెలు మారుతున్నాయి. అప్పుడు చూసింది వేలికి చుట్టుకున్న తాడుని. బండిలో చుట్టుకున్నది అలాగే ఉంది, బిగుసుకుని వేలు నల్లబడింది. తాడు మీద ముడి ఉంది. తను వేసేది లాగుముడి, ఒక కొస లాగితే ఊడిపోయేది. ఇది ఊడలేదు, పంటికి కూడా లొంగలేదు. ఇది వలముడి. వల అల్లేవాళ్ళు వేసే ముడి. ఆ ఇంట్లో ఆ ముడితో సంచి కట్టే చేతులు అత్తమ్మవే. అయినా అత్తమ్మ చిలకడదుంపల సంచికి అసలు తాడే లేదు కదా, మార్కెట్టుకి పట్టుకెళ్ళే సంచి, మూతి తెరుచుకుని కొయ్యకి వేలాడుతోంది. తాడు కట్టి ఉన్నది తన సంచికే. అంటే ఇది తన సంచే. తను సరైన సంచే తీసుకుంది. లోపలి దుంపల్ని అత్తమ్మ మార్చింది.

ఎందుకు మార్చింది? ఎందుకేంటి, నాలుగేళ్ళ కిందటి పూలదుంపల మాట మరిచిపోయి, కోడలు పుట్టింటికి ఏవో మంచి రకం దుంపలు మోసుకుపోతోంది, ఇంట్లో పసిపిల్ల ఉపవాసం ఉంటే అనుకుని ఉంటుంది. నిన్న తెచ్చినవి పీచుదుంపలని గొణిగింది కూడా. మంచివి మనవరాలికని తీసి పక్కన పెట్టుకుంది. పొరపాటున కూడా కాదు, కావాలని, ఏరి, ప్రేమగా, పిల్ల కోసం. లక్ష్మీదుర్గ అద్దానికి ఆనుకుని కిందికి జారింది, రిసీవరు తీగ సాగింది. ఇందాకటిదాకా ఏ మూలో ఒక ఆశ ఉంది, ఆ సంచి జోలికి వెళ్ళి ఉండరులే అని. ఆ ఆశ కూడా పోయింది.

"హలో, అమ్మా!"

మాధవి గొంతు. బతికే ఉంది. కాని మేక కూడా సాయంత్రం దాకా బతికే ఉంది.

"అమ్మా, నేను దుంపలు తిన్నా. రెండు."

"ఏ దుంపలు? మాధవీ, ఏ దుంపలమ్మా?"

"ఉడకేసినయ్యి. నాయనమ్మ పెట్టింది."

"తియ్యగా ఉన్నాయా, చేదుగా ఉన్నాయా? చెప్పు తల్లీ, బంగారూ, ఎట్టా ఉన్నాయి?"

"ఉప్పగా ఉన్నాయి" అంది మాధవి. ఆ వెనకే ఎవరో ఆయాసపడుతూ ఫోను లాక్కున్నారు.

"ఏమే దుర్గా, ఎక్కడున్నావు? ముందు అది చెప్పు. నీళ్ళ దగ్గరున్నావా?"

"అత్తమ్మా, అవి విషం. నాభి అత్తమ్మా. పిల్లని ఆస్పత్రికి తీసుకుపో, ఇప్పుడే, చలపతిరావుగారి స్కూటరు మీద, ఆలస్యం చెయ్యొద్దు, బాగానే ఉందనుకోవద్దు, అది ముందు బాగానే ఉంటది..."

"పిల్ల తిన్నది చిలకడదుంపలేనే. సగం నీ సంచిలో పోశా, సగం ఉడకేశా. నువ్వు ఎక్కడున్నావు?"

"మరి నావి?"

"నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. తాళం నా బొడ్లో ఉంది."

లక్ష్మీదుర్గకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. పిల్లకి ఏమీ కాలేదన్న మాట మాత్రం ఒంట్లోకి దిగింది, దిగి ఏడుపై బయటికొచ్చింది. ఏడుస్తూనే అడిగింది, అవేంటో నీకు తెలుసా అత్తమ్మా అని.

"తెలీకపోవడమేంటే. సముద్రం పక్కన గిలకలదిండిలో పుట్టినదాన్ని. మా అక్క ఉండేది, తాతమ్మ దాని పేరు, అదే తిని పోయింది, నా ఒళ్ళోనే పోయింది. నువ్వు తెచ్చి కంచెకి పాకిచ్చిన మొదటేడే, ఆ ఆకు కొస చుట్టుకున్నది చూసి నా కాళ్ళల్లో సత్తువ పోయింది. పిల్లోడు పోయిన కడుపుకోత, దానికి తోడు ఆ దుంపలు. రోజూ నువ్వు దొడ్లో కూర్చుంటే నేను వంటింటి కిటికీలో కూర్చునేదాన్ని."

"నాలుగేళ్ళు... ఒక్కసారి కూడా అడగలేదే?"

"ఏమని అడగను? చచ్చిపోతావా అమ్మాయ్ అని అడగనా? అడిగితే గుర్తు చేసినట్టవుద్దని భయం" అంది పెద్దింట్లమ్మ. "నిరుడు సంచిలో ఒకటి శుభ్రంగా కడిగి ఉంది. పాతే దుంపని ఎవరన్నా కడుగుతారటే? ఇయ్యాళేమో పిల్లని కూడా వద్దని, ఒక్కదానివే, ఆ సంచి పట్టుకుని సముద్రానికి పోతానంటివి. రాత్రి అందరూ పడుకున్నాక మార్చేశా. మార్చినా ఏం లాభం, సముద్రాన్ని మార్చలేనుగా అని పొద్దున్నుంచీ ఈ గుమ్మంలోనే కూర్చున్నా."

"పూల కోసం అత్తమ్మా" అంది లక్ష్మీదుర్గ. "సీతాకోకచిలుకలు వస్తాయని. తిప్పలో బీడు పోయింది కదా, మళ్ళీ వేద్దామని."

"అంతేనా?"

అంతే అనబోయింది. పొద్దున్నుంచీ తనకి తను ఎన్నిసార్లు చెప్పుకుందో ఆ మాట. పెదాల దాకా వచ్చి ఆగింది. అరచేతిలో చల్లగా, నున్నగా, కడిగిన దుంప బరువు తెలిసింది. కుళాయి కట్టేసిన తర్వాత ఎంతసేపు నిలబడింది తను? మాధవి ఆ రోజు కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే? కూతురి కోసం ఈ గంటసేపు పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇప్పుడు తనని చూసి తనకి వేసిన భయం ఒక ఎత్తు. ఆ భయాన్ని ఇంట్లో ఇంకో మనిషి నాలుగేళ్ళుగా, నోరు మెదపకుండా, కిటికీ పక్కన కూర్చుని మోసింది. అవతల అత్తమ్మ ఊపిరి వినబడుతోంది. తొందరపెట్టలేదు.

"సరేలే" అంది అత్తమ్మ. "ఇప్పుడేం చెప్పమాకు. వెనక్కొచ్చే బండెక్కి వచ్చెయ్. నేనూ పిల్లా స్టేషన్‌కి వస్తాం."

"ఎండలో, ఉపవాసంతో నువ్వెందుకు..."

"వస్తానన్నాగా. దుంపలు పారెయ్యలేదే. పారేద్దామనే తీశా, చెయ్యి రాలేదు. మా అక్క ఆ పూలు జడలో పెట్టుకునేది. ఆ పెట్టె నేనే తీస్తా, ఇద్దరం కలిసే పోదాం తిప్పకి. ఎక్కడ పాతాలో చూపిద్దువు గాని."

ఫోను పెట్టేశాక లక్ష్మీదుర్గ బయటికొచ్చి బూత్ ముందు బల్ల మీద కూర్చుంది. అన్నమ్మ ఏమీ అడగలేదు, చెక్క విసనకర్ర తెచ్చి విసిరింది. వేలికి తాడు ఇంకా అలాగే ఉంది. దాన్ని విప్పి, వలముడి అలాగే ఉంచి, జాకెట్లో దోపుకుంది. నిన్న రాత్రి నుంచి తనూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది, ఆకలి ఒక్కసారిగా కడుపులోంచి తన్నుకొచ్చింది. సంచిలోంచి ఒక చిలకడదుంప తీసి, పచ్చిదే, కొంగుతో తుడిచి నోటి దగ్గర పెట్టుకుంది.

"కడుక్కుని తినమ్మా, మట్టి" అంది అన్నమ్మ.

మూలన కుండా, చెంబూ ఉన్నాయి. లక్ష్మీదుర్గ లేచి వెళ్ళి, వంగి, ఒక చేత్తో నీళ్ళు పోసుకుంటూ దుంప కడిగింది. చెంబు పక్కకి ఒరిగి నీళ్ళు చీరంతా పడ్డాయి. అన్నమ్మ వచ్చి చెంబు తను తీసుకుని, నెమ్మదిగా నీళ్ళు పోస్తూ నిలబడింది.